ఎస్తేర్ ఇంటి నాలుగో మూల

ఎస్తేర్ గారింట్లో పై వాటాలో నేను అద్దెకు దిగి మూడేళ్ళవుతోంది. బోడుప్పల్‌లో మా సందు చుట్టుపక్కల ఎవరు ఇల్లు కట్టాలనుకున్నా ముందు వచ్చి మా గేటు తీస్తారు. ఆమె ఇంజనీరు కాదు, మేస్త్రీ కాదు. నాచారం పారిశ్రామికవాడలోని ఒక బిస్కెట్ ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా క్వాలిటీ చూసే పని చేస్తోంది. గంటకోసారి లైను మీంచి నాలుగు బిస్కెట్లు తీసి, తూచి, విరిచి, తేమ ఎంతుందో మిషన్‌లో పెట్టి చూస్తుంది. తేడా కనిపిస్తే లైను ఆపించే అధికారం ఆమెకుంది. బయట లారీలు ఎదురుచూస్తున్నాయని ఎవరెంత గోలపెట్టినా ఆపిస్తుంది కూడా.

ఆలేరు దగ్గర పల్లె నుంచి పెళ్ళయి వచ్చాక చాలా ఏళ్ళు వాళ్ళు చిల్కానగర్‌లో రెండు గదుల్లో అద్దెకున్నారు. భర్త జీవన్ కుమార్ సిటీ బస్సు డ్రైవరు. ఉప్పల్ చౌరస్తా ట్రాఫిక్‌ని ఇరవై ఏళ్ళు భరించిన మనిషి కాబట్టి ఆయనకు దేనికీ తొందర లేదు, ఎవరి మీదా కోపం రాదు. ఆ అద్దె ఇంటి గోడలకు మాత్రం తీరని చెమ్మ. వానాకాలం వస్తే మంచాన్ని గోడకు జానెడు దూరం జరపాలి, లేకపోతే దుప్పట్లు బూజు వాసన కొడతాయి. ఇంటివాళ్ళు ఏటా సున్నం కొట్టించేవారు, ఏటా అది పొరలుగా రాలేది. ఆ పొరలు ఊడుస్తూ, తడి ఎక్కడ్నుంచి వస్తోందో చూడకుండా పైన పూస్తే ఏం లాభమని ఎస్తేర్ అనుకునేదట.

బోడుప్పల్‌లో ఎప్పుడో కొనిపెట్టుకున్న నూటయాభై గజాల ప్లాటులో ఇల్లు మొదలుపెట్టింది కరోనా సద్దుమణిగిన మరుసటేడు. అప్పటికి కూతురు గ్రేసీ నర్సింగ్‌లో చేరింది. అప్పటి సంగతులు నేను చూసినవి కావు. కొన్ని ఎస్తేర్ చెప్పింది, కొన్ని మేస్త్రీ వెంకటయ్య చెప్పాడు. ఇద్దరూ చెప్పిన దాంట్లో ఎక్కడా తేడా రాలేదు కాబట్టి నమ్మి రాస్తున్నాను.

వెంకటయ్యది పాలమూరు వైపు. ముప్పై ఏళ్ళ పనితనం. కంటితో చూసి గోడ నిలువు చెప్పగలడు. అతనికి కూలీ పని ఒప్పజెప్పి, సామాను మాత్రం ఎస్తేర్ తనే చూసి కొంటానంది. ప్లాను గీసింది సుష్మ అనే ఇంజనీరు. ఆమె తల్లిదండ్రులు కాకినాడ నుంచి వచ్చి హబ్సిగూడలో స్థిరపడ్డారు. ముప్పై ఏళ్ళు కూడా లేని పిల్ల. స్కూటీ మీద వచ్చి, బ్యాగులోంచి టేపు తీసి, ఎవరితో మాట్లాడకుండా ముందు ప్లాటంతా కొలుచుకునేది.

సుష్మ మొదట అడిగింది మట్టి పరీక్ష. వెంకటయ్య నవ్వాడు. బోడుప్పల్‌లో ఎక్కడ తవ్వినా ఐదడుగులకు రాయే తగులుతుందని, దానికి పరీక్షేమిటని అతని వాదన. చివరికి ముందు నాలుగు మూలలా పిల్లరు గుంటలు తవ్వి చూద్దాం, తర్వాతే మిగతావి అని ఒప్పందం కుదిరింది.

మూడు మూలల్లో వెంకటయ్య చెప్పిందే నిజమైంది. నాలుగడుగులకు ఎర్రటి మొరం, ఐదుకు రాయి. గడ్డపార వేస్తే ఖంగుమంది. నాలుగోది ఈశాన్యం మూల. అక్కడే వంటగది కట్టుకోవాలని ఎస్తేర్ ఆశ. పొద్దున డ్యూటీకి పోయే ముందు, లేత ఎండ పడే కిటికీ దగ్గర నిలబడి చాయ్ కాచుకోవాలని అనుకుంది. ఆ గుంట ఆరడుగులు తవ్వినా నల్లమట్టే. ఏడడుగులకు పగిలిన పెంకులు, ప్లాస్టిక్ కవర్లు, ఒక పాత రబ్బరు చెప్పు వచ్చాయి. గడ్డపార గుచ్చితే పిండిలోకి దిగినట్టు దిగింది.

"ఏం గాదమ్మా," అన్నాడు వెంకటయ్య. "ఇంకో రెండు ఫీట్లు తవ్వి, కింద రాళ్ళు గొట్టి, కాంక్రీటు పోస్తే గట్టిగయితది. ఇసొంటియి మస్తు జూసిన."

"నువ్వు మస్తు జూసినవు మేస్త్రీ. గని ఈ గుంటకింద ఏమున్నదో నువ్వు జూడలే, నేను జూడలే," అంది ఎస్తేర్. "పని ఆపుదాం."

వెంకటయ్యకు మనసు కష్టమైంది. పదకొండుమంది కూలీలతో వచ్చిన మనిషిని పట్టుకుని, బిస్కెట్లు తూచే ఆవిడ పని ఆపమంటే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. ఇక రానేమో అనుకున్నాను అని నాతో అతనే అన్నాడు.

మర్నాడు ఎస్తేర్ సెలవు పెట్టి సందు సందూ తిరిగింది. కనబడిన ప్రతి ఇంట్లో ఒకటే అడిగింది, ఇక్కడ ప్లాట్లు కాకముందు ఏముండేదని. అందరూ పది పదిహేనేళ్ళ కిందట వచ్చినవాళ్ళే, ఎవరికీ తెలియదు. చివరికి పాలు పోసే ఆమె, బాల్‌నర్సయ్య తాతను అడగమంది. వెనక వీధిలో ఇంకా అమ్ముడుపోని జాగాలో రెండు బర్రెలను కట్టేసుకుని ఉండే ముసలాయన. ఈ భూములు ఒకప్పుడు వాళ్ళవే.

ఆయన కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చి, గుంట అంచున నిలబడి, చాలాసేపు లోపలికి చూశాడు.

"గిది మా బాయి బిడ్డా," అన్నాడు. "మా నాయిన మోట గొట్టిన బాయి. నేను ఈత నేర్సుకున్నది గీన్నే. ప్లాట్లు జేసినప్పుడు ట్రాక్టర్లతోని మట్టి దెచ్చి నింపిన్రు. ఎన్ని ట్రిప్పులు వోసినా నిండకపోయె."

తర్వాత ఆయన పక్క సందు మొగదల ఉన్న పెద్ద బండరాయి దగ్గరకు వెళ్ళి, దాన్నానుకుని నిలబడి, తూర్పుకు నలభై రెండు అడుగులు వేసి కర్రతో నేల మీద గీశాడు. బావి గట్టు ఇక్కడ మొదలవుతుందన్నాడు. గుండ్రంగా తిరుగుతూ అంచు మొత్తం గీసి చూపించాడు. ఆ లెక్కన బావిలో మూడో వంతు ఎస్తేర్ ప్లాటులో ఉంది. కొంత సందు కింద, మిగతాదంతా పక్కనున్న ఖాళీ ప్లాటులో ఉంది. లోతు ఏడు మట్లు అని చెప్పాడు, అంటే ఏడుగురు మనుషులు ఒకరి మీద ఒకరు నిలబడేంత.

ఆ సాయంత్రం ఎస్తేర్ ఇటుకల మీద కూర్చుని ఏడ్చింది. జీవన్ కుమార్ డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వచ్చాడు. కాసేపు పక్కన కూర్చుని, గుంట పూడ్చేసి ప్లాటు అమ్మేద్దాం, ఇంకోచోట చూసుకుందాం, పైనుంచి చూస్తే ఎవరికీ తెలియదు కదా అన్నాడు. ఆయన మనసులో చెడు ఉద్దేశం లేదు, భార్య ఏడుపు ఆపాలనే అన్నాడు.

"మనకు జెప్పకుండ అమ్మినోడు మంచిపని జేసిండా?" అని అడిగింది ఎస్తేర్. ఆయన తల అడ్డంగా ఊపాడు. "మరి మనం గూడ గట్లనే జేద్దామా?"

ఆయన లేచి నిలబడ్డాడు. ఆమె టిఫిన్ డబ్బా తీసుకుని, బండి స్టార్ట్ చేసి, ఎక్కమన్నాడు.

రెండోరోజు సుష్మ వచ్చింది. ముసలాయన గీసిన గీతను చూసి, జ్ఞాపకం మంచిదే కానీ మనం కూడా చూసుకుందాం అంది. వెంకటయ్యను పిలిపించారు. వస్తాడో రాడో అనుకుంటే వచ్చాడు. బావి అన్న మాట విన్నాక అతని మాట తీరే మారింది. మూడడుగులకోచోట సన్న గుంతలు తవ్వించారు. ఆరో గుంతలో బావి రాతికట్టు బయటపడింది. ముసలాయన గీతకూ దానికీ మూరెడు తేడా, అంతే. వెంకటయ్య ఆ రాతికట్టు మీద చెయ్యిపెట్టి, నువ్వు ఆపకపోతే నేను పోసేసేవాణ్ణే అమ్మా అని ఒప్పుకున్నాడు.

సుష్మ అక్కడే మట్టిలో పుల్లతో గీసి విడమరిచింది. ఇల్లు మొత్తం సమానంగా కాస్త దిగినా పెద్ద ప్రమాదం లేదు. మూడు మూలలు రాయి మీద కదలకుండా ఉండి ఒక్క మూల దిగితేనే గోడలు చీలతాయి, తలుపులు పట్టేస్తాయి. అలాంటి బీటకు ఎన్నిసార్లు సిమెంటు పూసినా మళ్ళీ తెరుచుకుంటుంది.

"అయితే బావి మొత్తం తవ్వి నింపుదామా?" అని జీవన్ కుమార్ అడిగాడు.

"కొంత సందు కింద, మిగతాది పక్క ప్లాటులో ఉంది అంకుల్, తవ్వనివ్వరు. రాయి దాకా లోతుగా పైల్స్, అంటే కాంక్రీటు స్తంభాలు దింపుదామంటే అంత పెద్ద మిషను ఈ సందులోకి తిరగదు, పైన కరెంటు తీగలు," అంది సుష్మ. "బావితో కుస్తీ ఎందుకు? దాన్ని వదిలేసి మనమే పక్కకి జరుగుదాం."

మూల పిల్లరును ఎనిమిదడుగులు లోపలికి, రాయి ఉన్నచోటికి జరిపారు. కింద ఆ మూలంతా ఖాళీ జాగా. పై అంతస్తు మాత్రం బీముల మీద మూడడుగులు ముందుకు వస్తుంది. వంటగది పడమటికి పోయి, చిన్నదైంది. ప్లాను కాగితం మీద ఆ గది చెరిపి రాస్తున్నప్పుడు ఎస్తేర్ కాసేపు అటు చూడలేదట. తర్వాత, కిటికీ తూర్పుకు కాకపోతే ఉత్తరానికైనా పెట్టు బిడ్డా అని మాత్రం అడిగింది.

పునాది అయ్యాక పని పరుగెత్తింది. ఎస్తేర్ పరీక్షలూ పెరిగాయి. ఇసుక లారీ వస్తే గాజు సీసాలో సగం ఇసుక, పైన నీళ్ళు పోసి, బాగా కుదిపి, మూడు గంటలు కదపకుండా పెట్టేది. ఇసుక అడుగున చేరి, బురద దాని మీద పొరగా తేలుతుంది. ఆ పొర వేలు మందం కనిపిస్తే లారీని వెనక్కి పంపేది. ఒకసారి లారీ డ్రైవరు, సీసా చూసి లారీ పంపే ఇల్లు ఇదొక్కటే అని గొణుక్కుంటూ పోయాడట.

స్లాబు రోజు మాత్రం గొడవైంది. శనివారం పొద్దున ఆరింటికే మిక్సర్ వచ్చింది. సిమెంటు సంచికి ఎన్ని నీళ్ళు పోయాలో సుష్మను ముందే అడిగి, ఎస్తేర్ ఒక బకెట్‌కు లోపల పెయింటుతో గీత గీసి పెట్టుకుంది. పాతిక లీటర్లు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. నాలుగు సంచులయ్యేసరికి కూలీలకు విసుగొచ్చింది. మాల్, అంటే కలిపిన కాంక్రీటు, చిక్కగా ఉంటే పారతో లాగడం కష్టం, పలచగా ఉంటే దానంతటదే పారుతుంది. మిక్సర్ దగ్గరి మనిషి ఎవరూ చూడకుండా పైపు వదిలాడు. ఎస్తేర్ చూసింది. మిక్సర్ ఆపించింది.

"అమ్మా, ఇది బిస్కెట్ పిండి గాదు. మాల్ ఎక్తలేదు, జర నీళ్ళు వడాలె," అన్నాడు వెంకటయ్య.

"పిండిల నీళ్ళెక్కువైతే కాలినంక ఆ నీళ్ళు పోయినకాడ బొక్కలు వడతయ్ మేస్త్రీ. పైకి మంచిగనే కనవడతది, వట్టుకుంటె ఇరుగుతది. గిది ఇరిగితే కింద మేముంటం."

వెంకటయ్య పైకి కిందికి చూశాడు. పదిమంది కూలీలు అతనివైపే చూస్తున్నారు. చివరికి పైపు తనే కట్టేసి, బకెట్ అందుకున్నాడు. మాల్ సరిగా సర్దుకోవడానికి నీళ్ళు కాదు, దాన్ని అదిరించే వైబ్రేటర్ ఎక్కువసేపు పెట్టాలని సుష్మ ముందే చెప్పింది. అంతకుముందు అదే సుష్మ స్టీలు కింద చిన్న సిమెంటు బిళ్ళలు లేనిచోటల్లా కూర్చుని పెట్టించింది. స్టీలు కింది సెంట్రింగ్ పలకలకు అంటుకుంటే రేపు దానికి తుప్పు పట్టి, స్లాబు పెచ్చులూడుతుందట. సాయంత్రం నాలుగున్నరకు స్లాబు అయిపోయింది. కూలీలందరికీ ఎస్తేర్ ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన విరిగిన బిస్కెట్లు, జీవన్ కుమార్ తెప్పించిన బిర్యానీ. గొడవ అక్కడితో సరి.

తర్వాతి రెండు వారాలు జీవన్ కుమార్‌వి. ఆయన రైతు బిడ్డ. స్లాబు మీద మట్టితో చిన్నచిన్న గట్లు వేసి, మడులు కట్టి, నీళ్ళు నిలబెట్టాడు. డ్యూటీకి పోయేముందోసారి, వచ్చాకోసారి పైకెక్కి గండి పడిందేమో చూసుకునేవాడు. పక్కింటివాళ్ళు, నాటు ఎప్పుడు అన్నా అని అడిగేవారట. ఏడు రోజులు చాలని అందరూ అన్నా ఆయన పద్నాలుగు రోజులు ఆ మడులను ఎండనివ్వలేదు.

బాత్రూముల్లో టైల్స్ వేసేముందు గొట్టాలకు గుడ్డలు కుక్కి, నేల నిండా నీళ్ళు పోసి, రెండు రోజులు వదిలేశారు. పై బాత్రూము కింద కప్పు మీద అరచేతంత తడి మచ్చ తేలింది. టైల్స్ వేయడానికి వచ్చిన మనిషి, అదేమంత కాదు, టైల్స్ పడితే ఆగిపోతుంది అన్నాడు. ఎస్తేర్ ఒప్పుకోలేదు. వెతికితే ఒక గొట్టం అతుకు దగ్గర సన్న సందు దొరికింది. ఆ అతుకు నా స్నానాలగదిలోనే ఉంది కాబట్టి ఈ కథలో నాకు స్వయంగా మేలు చేసిన భాగం ఇదే. గోడల్లో కరెంటు గొట్టాలు, నీళ్ళ గొట్టాలు ఎక్కడెక్కడ పోయాయో ప్లాస్టరింగుకు ముందు ఫోన్‌లో ఫోటోలు తీసి, ఏ గోడ ఏదో రాసి పెట్టుకుంది. నేను మేకు కొట్టాలంటే ఇప్పటికీ ఆ ఫోటో వాట్సాప్‌లో వస్తుంది, ఆ తర్వాతే సుత్తి.

అన్నీ సరిగ్గానే చేసిందని కాదు. ప్రహరీ గోడ విషయంలో ఎస్తేర్ సుష్మ మాట వినలేదు. బావి మీద ఇటుక గోడ వద్దు, రేకులతోనో కంచెతోనో సరిపెట్టండి ఆంటీ అని సుష్మ చెప్పినా, అందరికీ గోడలున్నాయి మనకెందుకు లేదని కట్టించింది. మొదటి వానాకాలంలోనే మూల దగ్గర పై నుంచి కింది దాకా వేలు దూరేంత చీలిక వచ్చింది. ఇంటికి మాత్రం ఎక్కడా గీత పడలేదు. ఎవరైనా సలహా కోసం వస్తే ఎస్తేర్ ముందు ఆ గోడ దగ్గరికే తీసుకెళ్ళి చూపిస్తుంది. తప్పు నాదే, చెప్పినా ఇనలే అని కూడా చెబుతుంది.

పోయినేడు పక్క ఖాళీ ప్లాటు యజమాని వచ్చాడు. పేరు గిరిప్రసాద్, రాజమండ్రి వైపు మనిషి, పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తాళంచెవి చేతికిచ్చేదాకా అన్నీ చూసుకుంటానన్న కాంట్రాక్టరును వెంటబెట్టుకుని వచ్చాడు. ఎస్తేర్ మజ్జిగిచ్చి, బావి సంగతి చెప్పింది. అప్పుడు నేను మెట్ల మీదే ఉన్నాను.

"మీరు మంచికే చెప్తున్నారండీ. కానీ నేను లాయరుకి చూపించే కొన్నాను. కాగితాల్లో ఎక్కడా బావి లేదు," అన్నాడు గిరిప్రసాద్.

"కాయిదంల లేదు సార్," అంది ఎస్తేర్. "భూమిల ఉన్నది."

ఆయన మర్యాదగా నవ్వాడు గానీ నమ్మలేదు. ప్లాటు చవగ్గా కొట్టేయడానికి ఇదో ఎత్తు అనుకున్నాడని తర్వాత తనే చెప్పాడు. వారం తిరక్కుండా జేసీబీ వచ్చింది. రెండు గంటలు తవ్విందో లేదో, ముందు చక్రం ఒకటి అక్కడికక్కడే కుంగి, బండి పక్కకు ఒరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దాన్ని పైకి లాగేసరికి పొద్దు గూకింది. కాంట్రాక్టరు ఫోనులో మాట్లాడుతూ అటే వెళ్ళిపోయాడు. గిరిప్రసాద్ వచ్చి మా గేటు బయట నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

ఎస్తేర్ బయటికి వెళ్ళి, ముందు చెప్పానా అని అనలేదు. లోపలికొచ్చి కూసోండ్రి సార్ అంది. చాయ్ ఇచ్చి, సుష్మ నంబరు ఇచ్చింది. మీ ప్లాటు పెద్దరోడ్డు వైపు ఉంది, పైల్స్ మిషను వస్తుంది, మాకు లేని సౌకర్యం మీకుంది అని ధైర్యం చెప్పింది. ఆయన ముఖం కాస్త తేటపడింది.

బావి అంచులు చూపించడానికి అప్పటికి బాల్‌నర్సయ్య లేడు. ఆ ఎండాకాలమే పోయాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, చీరైనా మార్చుకోకుండా ఎస్తేర్ పక్క సందు మొగదలకు వెళ్ళింది. సుష్మ, గిరిప్రసాద్, వెంకటయ్య వెంట నడిచారు. బండరాయికి వీపు ఆనించి నిలబడి, తూర్పుకు నలభై రెండు అడుగులు లెక్కపెట్టి నడిచింది. పొట్టి మనిషి కాబట్టి ముసలాయన అంగకు సరిపోయేలా ఒక్కో అడుగూ సాగదీసి వేసింది. వెంకటయ్య వెనకే సున్నం పోసుకుంటూ వచ్చాడు. ఈసారి సుష్మ ఆ గుండ్రం కొలతలను కంప్యూటర్లో గీయించి, గిరిప్రసాద్ ప్లాను కాగితాల్లో చేర్పించింది.

పైల్స్ దింపడం పదకొండు రోజులు పట్టింది. ఆ చప్పుడుకు నేను పరీక్ష పేపర్లు దిద్దలేక లైబ్రరీకి పోయేవాణ్ణి. ఇప్పుడు గిరిప్రసాద్ గారి ఇల్లు వెంకటయ్య చేతిలోనే మొదటి స్లాబు దాకా వచ్చింది. ఆయన సెలవు దొరికినప్పుడల్లా వచ్చి, హెల్మెట్ పెట్టుకుని, మిక్సర్ పక్కనే నిలబడుతున్నాడు. పోయిన శుక్రవారం వెంకటయ్య పైకొచ్చి నాతో మొరపెట్టుకున్నాడు.

"ఒక్కామెతోనె ఏగలేకపోయిన సార్. ఇప్పుడు ఇద్దరైన్రు."

అన్నాడే గానీ, నేను ఇచ్చిన మంచినీళ్ళు తాగి, మళ్ళీ కిందికి దిగి, కూలీలను పిలిచి, ఇసుక జల్లెడ పట్టమని గట్టిగా చెప్పాడు.